వదిన చూసిన పేజీ

మొన్న మోకాళ్ళ నొప్పికి ఏ నూనె మంచిదో అని ఫోనులో ఒక్కసారి, ఒకే ఒక్కసారి చూశాను. అంతే, అప్పటినుంచి వార్తలు తెరిచినా వంటలు తెరిచినా నా మోకాళ్ళ మీదే ప్రకటనలు. "ఇప్పుడంతా అంతే అత్తయ్యా, పట్టించుకోకండి" అని అల్లుడు నవ్వాడు. ఎందుకు పట్టించుకోకూడదూ? నా మోకాళ్ళు నావి. పైగా ఈ విద్య నాకు తెలియనిదేం కాదు, ఒకప్పుడు ఈ చేతులతోనే చేశాను.

సికింద్రాబాదులో ఏ మెట్ల మొదట్లో చూసినా కంప్యూటరు కోర్సు బోర్డు వేలాడిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. కోస్తా నుంచి వచ్చి మెట్టుగూడలో స్థిరపడ్డ మా ఇంట్లో అమ్మ, నాన్న, నేను, అన్న పోయాక కూడా మాతోనే ఉండిపోయిన వదిన. వదిన బడిలో టీచరు. నేను ఆర్నెల్ల కోర్సు చేసి, మా సంఘపెద్ద ఒకాయన క్రైస్తవ కుటుంబాల కోసం పెట్టిన పెళ్ళిసంబంధాల వెబ్‌సైటులో ఉద్యోగానికి కుదిరాను. ఆఫీసంటే మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, సారూ నేనూ.

మొదట్లో పేజీ అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకె ఒక్కటే ఉండేది. అది పెరగాలని సారు వచ్చీరాగానే తానే పదిసార్లు పేజీ తెరిచి మురిసిపోయేవారు. తర్వాత ఆయనకు ఎవరు చూస్తున్నారో కూడా తెలియాలనిపించింది. నేను నాలుగు వరుసల కోడ్ రాసి ప్రతి పేజీలోనూ దూర్చాను. పేజీ తెరుచుకోగానే అది కంటికి కనిపించనంత చిన్న బొమ్మ పంపమని మా సర్వరును అడిగేది. అడిగినప్పుడల్లా ఎవరు, ఏ పేజీ, ఏ గంటకు అన్నది సర్వరు రాసిపెట్టుకునేది. లాగిన్ అయినవాళ్ళ మెయిలు కూడా అందులో చేరేట్టు చేశాను. అది పనిచేసిన రోజున ఎంత గర్వపడ్డానో, నా బుద్ధి గడ్డి తింది.

సంబంధాల మాట వస్తే మావాళ్ళకు "మావాణ్ణి ఎవరెవరు అడిగారు?" అన్న ఆరా ముందు. సారు ఆ ఆరాకే మందు కనిపెట్టారు: ఎవరి వివరాలను ఎవరెవరు చూశారో అచ్చుతీసి, ఆదివారం ఆరాధన కాగానే ఆ కుటుంబాలకు పంచడం. శనివారం మొదటి జాబితాలు తీస్తుంటే, భార్య పోయిన ఒక రైల్వే గుమాస్తా పేరు కింద మా వదిన మెయిలు కనిపించింది. ఆ మెయిలు ఆమెకు చేసిచ్చింది నేనే. తొమ్మిది సార్లు చూసింది, అన్నీ బడి వదిలాకే.

నిజం చెప్తున్నాను, ముందు ఒళ్ళు మండింది. అన్నను అప్పుడే మరిచిపోయిందా అనుకున్నాను. కాసేపటికి నా మీద నాకే సిగ్గేసింది. ముప్ఫయ్యేళ్ళు నిండని మనిషి, మూడేళ్ళుగా ఒంటరిది, చూస్తే తప్పేమిటి? కానీ ఆ కాగితం గుమాస్తా తల్లి చేతిలో పడిందా, సాయంత్రానికల్లా సంఘమంతా పాకుతుంది, వదిన నోరు విప్పకముందే నాన్న చెవిన పడుతుంది, ఆ తర్వాత ఆమె మా ఇంట్లో తలెత్తుకు తిరగలేదు.

అన్ని పేజీల్లోంచీ కోడ్ పీకేశాను. సర్వరు రాసుకున్నదంతా చెరిపేశాను, అచ్చైన కాగితాలు చింపేశాను. సాయంత్రం జాబితాల కోసం వచ్చిన సారు తల పట్టుకున్నారు.

"గిట్ల చేసినవేందమ్మా? చూసినోళ్ళ పేర్లు చెప్తే ఏం పోతది?"

"వాళ్ళ పరువు పోతుంది సార్. మనల్ని చెప్పమని వాళ్ళడిగారా?"

మళ్ళీ రాయమన్నారు, రాయనన్నాను. అయితే సోమవారం నుంచి రావద్దన్నారు. టిఫిను డబ్బా తీసుకుని మెట్లు దిగేశాను. ఎందుకు మానేశావని నాన్న నెలరోజులు సణిగారు. ఆ మాటలన్నీ పడ్డాను గానీ కారణం చెప్పలేదు.

మూడు నెలలు పోయాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర వదిన తానే చెప్పింది, మామయ్యా, నేను మళ్ళీ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను, రైల్వేలో గుమాస్తా ఒకాయన ఉన్నారు అని. నాన్న అన్నం కలపడం ఆపి, ఆ అబ్బాయిని ఇంటికి పిలవమన్నారు.

నాకు ముందే తెలుసని వదినకు ఇవాళ్టికీ తెలియదు. ఉద్యోగం పోయినందుకు నేనేనాడూ చింతించలేదు, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టినా అదే పని చేస్తాను. నా బెంగల్లా, ఏది ఒక్కసారి చూసినా ఫోను పసిగట్టేసే ఇప్పటి పిల్లల గురించే. కావాలో వద్దో తనలో తాను తేల్చుకోవడానికి వదినకు మూడు నెలలు దొరికాయి. వీళ్ళకు ఒక్క పూటైనా దొరుకుతుందా?