నా చీటీ పద్మ కాళ్ల దగ్గర దొరికిన రోజు

ఇంగ్లీషు పీరియడ్ బెల్ మోగితే చాలు, నా గొంతు పూడుకుపోయేది. నవ్వకండి సహోదరీ సహోదరులారా, అది మామూలు భయం కాదు! పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తొంభైల చివర్లో నరసాపురంలో ఇంటర్‌లో చేరాను. మొదటి నెలలోనే లెక్చరర్‌గారు నన్ను లేపి పాఠం చదవమన్నారు. రెండో లైనులో ఒక మాట దగ్గర ఆగిపోయాను, ఎంత గొంతు పెగల్చుకున్నా అది బయటికి రాలేదు, క్లాసంతా నవ్వింది, ఆ నవ్వు నా లోపల దయ్యంలా కూర్చుంది. ఆ రోజునుంచి ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే చేతులకు చెమటలు పట్టేవి. గైడు చూసి వ్యాసాలు బట్టీపట్టేదాన్ని, ఒక్క ముక్కకీ అర్థం తెలియదు, మొదటి మాట మర్చిపోయానా వ్యాసం మొత్తం పోయినట్టే!

మా నాన్నగారు గోదావరి దాటించే పంటు మీద పనిచేసేవారు, అమ్మ లేసు అల్లేది. నన్ను నర్సు కోర్సు చదివించాలని వాళ్ల ఆశ. మొదటి ఏడాది పరీక్షలో ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. చీటీ పెట్టి రాశాను. పాసయ్యాను. మా అమ్మ ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి, "నా బిడ్డకు దేవుడు జ్ఞానమిచ్చాడు" అని కన్నీళ్లతో స్తుతి చెల్లించింది. నేను పక్కనే తల వంచుకుని కూర్చున్నాను. అందరూ అది వినయం అనుకున్నారు!

రెండో ఏడాది ఇంగ్లీషు పరీక్షకూ అదే దారి పట్టాను. సన్నటి అక్షరాలతో రాసిన చీటీ మడిచి హాల్‌టికెట్ కింద పెట్టుకున్నాను. నా ముందు బెంచీలో పద్మ కూర్చుంది. తను పక్క ఊరి రైతుల పిల్ల, ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల, ఇంగ్లీషులో మా క్లాసులో అందరికంటే ముందు. గంట గడిచిందో లేదో, బయట జీపు ఆగిన చప్పుడైంది. స్క్వాడ్! చీటీ మింగేద్దామనుకున్నాను, నోరు ఎండిపోయింది. కిందికి జార్చి, చెప్పుతో ముందుకు తోశాను. అది వెళ్లి పద్మ కాళ్ల దగ్గర ఆగింది.

"ప్రభువా, నేను పట్టుబడకుండా చూడు, ఈ ఒక్కసారికి కాపాడు" అని ప్రార్థించాను. అవును సహోదరులారా, ఆ ప్రార్థన చేసింది ఈ నోరే!

స్క్వాడ్ ఆఫీసరు నా బెంచీ దాటి ముందుకెళ్లి వంగారు. "ఇదేంటమ్మా?" అన్నారు. పద్మ బిత్తరపోయింది. "నాది కాదండి, ఆ రాత నాది కాదండి!" అంది. "నీ కాళ్ల దగ్గర ఉంటే మరెవరిది?" అంటూ పేపరు లాక్కున్నారు. పద్మ ఒక్కసారి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. నేను తల వంచుకుని రాస్తున్నట్టు నటించాను. మిగిలిన పరీక్షలేవీ రాయడానికి వీల్లేదని చెప్పి తనను బయటికి పంపేశారు.

పరీక్ష ముగిసి నేను వచ్చేసరికి కబురందుకుని వచ్చిన పద్మ వాళ్ల నాన్నగారు ఆఫీసు గది ముందు తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. "మా పిల్ల అలాంటిది కాదండి, బాబూ" అని ఎంత బతిమాలినా ఎవరూ వినలేదు. చివరికి ఆయన కూతురి వైపు తిరిగి, "చదివింది చాల్లే, పద" అన్నారు. ఆ ఒక్క మాటే! పద్మ పుస్తకాలు కూడా తీసుకోకుండా సైకిల్ వెనక ఎక్కింది.

నేను తప్పించుకున్నాను. అడిగింది దొరికింది. కానీ ఆ సాయంత్రం నుంచి అన్నం గొంతు దిగితే ఒట్టు! మర్నాడు ఉదయం అమ్మ నన్ను చూసి పరీక్షల బెంగ అనుకుని, నా తలమీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టింది. "తండ్రీ, నా బిడ్డ ఏ మోసమూ తెలియకుండా కష్టపడి చదువుకుంటోంది, దాని కష్టానికి ఫలమియ్యి..." ఆ చేతులు నిప్పుల్లా అనిపించాయి. అక్కడే కుప్పకూలిపోయాను. "వద్దమ్మా, ఆపమ్మా" అని ఏడ్చి, ఉన్నదంతా చెప్పేశాను, మొదటి ఏడాది సంగతితో సహా.

అమ్మ తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆ రోజు అల్లాల్సిన లేసు పక్కన పెట్టి, ముఖం కడుక్కుని, చీర మార్చుకుంది. "పద. ఆ పిల్లకి రేపు పరీక్ష ఉంది కదా, సెంటర్‌లో చెప్పొద్దాం. నేనూ వస్తాను" అంది.

వెళ్లేముందు మోకరించి, జీవితంలో మొదటిసారి నిజమైన ప్రార్థన చేశాను. "ప్రభువా, నన్ను తప్పించొద్దు. నా నోరు తెరువు, చాలు."

సెంటర్ పెద్దాయన, అంటే పరీక్షలు జరిపించే చీఫ్ సూపరింటెండెంట్‌గారు, అంతా విని కళ్లజోడు తీసి నా వైపు చూశారు. "ఏం పోగొట్టుకుంటావో తెలుసా అమ్మా?" అన్నారు. తెలుసండి అన్నాను. ఆ చీటీలోని వాక్యాలే నాచేత కాగితం మీద రాయించి రెండూ పక్కపక్కన పెట్టి చూశారు, వాంగ్మూలం రాయించుకున్నారు, ఎవరెవరికో ఫోన్లు చేశారు. చివరికి, "రేపు ఎనిమిదిన్నరకల్లా ఆ అమ్మాయిని తీసుకురండి, రాయనిస్తాం, తర్వాత విచారణ ఎలాగూ ఉంటుంది" అన్నారు. నా హాల్‌టికెట్ మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

బస్సు పట్టుకుని పద్మ ఊరు వెళ్లాం. వాకిట్లో నిలబడి వాళ్ల నాన్నగారికి చెప్పాను, ఆ చీటీ నాదేనండీ అని. లోపలినుంచి పద్మ వచ్చి, నన్ను చూసి తలుపు వేసేసుకుంది. "రేపు ఎనిమిదిన్నరకల్లా పంపండి బాబూ, రాయనిస్తామన్నారు, మీ కాళ్లు పట్టుకుంటాను" అంది మా అమ్మ. ఆయన వస్తామనీ అనలేదు, రామనీ అనలేదు.

మర్నాడు ఉదయం ఎనిమిదికే సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలంతా లోపలికి వెళ్తున్నారు, నన్ను చూసి గుసగుసలాడుకుంటున్నారు. ఎనిమిదిన్నర అయింది, ముప్పావు అయింది, పద్మ రాలేదు! "ప్రభువా, ప్రభువా" అనడం తప్ప ఇంకేమీ చేతకాలేదు. మొదటి బెల్ కొట్టారు. వాచ్‌మన్ గేటు మూయబోతుంటే, ఆ మలుపులో సైకిల్ కనిపించింది సహోదరులారా! వాళ్ల నాన్నగారు నిలబడి తొక్కుతున్నారు, పద్మ వెనక కూర్చుని పరీక్ష అట్టను గుండెలకు హత్తుకుని ఉంది. నన్ను దాటుకుని, నా వైపు చూడకుండానే లోపలికి పరుగెత్తింది. నేను గేటు ఊచలు పట్టుకుని అందరి ముందూ ఏడ్చేశాను. దేవునికే స్తోత్రం!

నా పరీక్షలు రద్దుచేశారు, మరుసటి ఏడాది కూడా రాయనివ్వలేదు. నాన్నగారు నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నర్సు కోర్సు కల అంతటితో పోయింది. తగిన శిక్షే. కానీ రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది!

పద్మ విచారణలో నిర్దోషిగా బయటపడి, ఆగిపోయిన ఇంగ్లీషు సప్లిమెంటరీలో రాసి, మంచి మార్కులతో పాసైంది. అప్పటికీ నాతో మాట్లాడలేదు. దాదాపు ఏడాది తర్వాత, ఒక మధ్యాహ్నం తన నోట్సు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "నీమీద కోపం పోలేదు కరుణా. కానీ నువ్వు మా ఇంటికి రాకపోతే నేను ఈపాటికి పొలంలో ఉండేదాన్ని. కూర్చో, బట్టీ పట్టకు, ఒక్కో వాక్యం చదివి నాకు తెలుగులో చెప్పు" అంది. చదివాను. తడబడ్డాను. ఆమె నవ్వలేదు. మళ్లీ చదివాను. దాదాపు మూడేళ్లుగా బిగిసిపోయిన నా గొంతు ఆ రోజు వదిలింది! తర్వాత పరీక్షలో నలభై మూడు మార్కులొచ్చాయి, ఒక్కో మార్కూ నాదే, నా ప్రభువు ఇచ్చిందే!

ఈ మాటలు చదివేవాళ్లలో, తమ తప్పుకు ఇంకొకరు శిక్ష అనుభవిస్తుంటే నోరు మెదపలేక కుమిలిపోయేవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. ప్రియులారా, నష్టం ఉండదని నేను చెప్పను, నాకు ఉంది. అయినా ఆయనను నమ్మి ఈ రోజే లేచి వెళ్లండి. చెప్పాల్సిన వాకిట్లో మీరు నిలబడినప్పుడు, ఆయన మీ పక్కనే నిలబడతాడు. నాకు అలాగే చేశాడు, ఘనతంతా ఆయనకే.