నెమలి తోక మీద నాలుగు భాషలు

హనుమకొండలో మేడ మీద గదులు కట్టి ఇంజినీరింగ్ పిల్లలకు అద్దెకిచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. న్యాయంగా బతకాలని కంకణం కట్టుకున్నది మాత్రం ఆ గల్లీ మొత్తానికి ప్రేమలత ఒక్కతే. నల్లా రాని రోజున ట్యాంకు నీళ్లను గదికి ఇన్ని బకెట్లని పంచుతుంది. సకినాలు చేస్తే విరిగినవాటితో సహా అందరికీ సమంగా పెడుతుంది. ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకపోతే ఆమెకు ముద్ద దిగదు. ఆమె కష్టాలన్నిటికీ మూలం ఈ సద్గుణమే.

డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం గల్లీలో ముగ్గుల పోటీ. బహుమతి ప్రెషర్ కుక్కర్. రెండేళ్లుగా అది ఎదురింటి వినోదకే పోతోంది. మూడోది కూడా ఆ గడప దాటి లోపలికి పోతే చూస్తూ బతకడం కష్టమని ప్రేమలత తేల్చుకుంది. అందుకే ఈసారి వాకిలి నిండా నెమలి. గేటు దగ్గర తల, రోడ్డు మధ్యదాకా తోక, పైన ఇంగ్లీషులో హ్యాపీ న్యూ ఇయర్.

తల, మెడ పూర్తయ్యేసరికి మేడ మీద అద్దెకుండే బెంగాలీ పిల్లవాడు సౌమిక్ మెట్లు దిగి వచ్చాడు.

"ఆంటీ, మా భాషల గూడ ఒకటి రాస్తరా? అమ్మకు ఫొటో పంపుత."

"ఒక్కటే గదా బిడ్డా," అన్నది ప్రేమలత. సామ్రాజ్యాలు ఇలాంటి మాటల వల్లే కూలతాయి.

దండెం మీద ఆరేసిన బట్టల్లా వేలాడే ఆ అక్షరాలను ఫోన్‌లో చూస్తూ తోకకు కుడిపక్కన దించింది. అది చూసి ఒడియా పిల్లవాడు దిగాడు. వాళ్ల అక్షరాలకు తలా ఒక గొడుగు. తర్వాత తమిళ పిల్లవాడు. ఆఖరికి మలయాళీ ఉన్ని. అవి అక్షరాలు కావు, జిలేబీల మూకుడు. సౌమిక్‌కు రాసి ఉన్నికి రాయకపోతే రేపు ఏ మొహంతో నీళ్లు పంచుతుంది? చోటు కోసం భాషకో పిడికెడు తోక ఈకలు చెరిగిపోయాయి. నడుము సరేసరి.

చీకటి పడకముందే రిటైర్డ్ హెడ్మాస్టర్ రాజేశ్వర్ రావు తీర్పు చెప్పడానికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ముగ్గు చుట్టూ గంభీరంగా తిరిగాడు.

"కోడి మంచిగున్నదమ్మా," అన్నాడు. "తెలుగేది మరి?"

కుక్కర్ వినోదకే పోయింది. ఆమె ఊరుకోక దాన్ని చంకన పెట్టుకుని రోడ్డు దాటి వచ్చి, "వదినా, నీ కోడి గూడ మస్తుగున్నది," అని పలకరించి మరీ పోయింది.

ప్రేమలత మెట్ల మీద కూలబడింది. ఉన్ని ఓదార్చబోయాడు.

"ఫికర్ చెయ్యకున్రి ఆంటీ. అసలు మా కొత్త సంవత్సరం గిది కాదు."

"ఏందీ?"

"మాకు రెండున్నయి. ఒకటి ఏప్రిల్‌ల, ఒకటి ఆగస్టుల."

తమది కూడా ఏప్రిలేనని మిగతా ముగ్గురూ సవినయంగా మనవి చేసుకున్నారు.

"మరి పొద్దుగూకేదాక నా నడుమెందుకు ఇరగ్గొట్టిన్రురా?"

"మీరు రాస్తాంటే అడిగినం ఆంటీ," అన్నాడు సౌమిక్.

"వచ్చే ఏడు గీ భాషలన్ని పొయ్యి వినోద వాకిట్ల రాయించుకోన్రి. గప్పుడు సూస్త, కుక్కర్ ఎట్లొస్తదో."

"ఆ ఆంటీ రాయదు. పోయినేడే అడిగినం. జాగ లేదన్నది."

ప్రేమలత ఎదురింటి గేటు వంక చూసింది.

"తెలివిగల్లది," అని, రంగు డబ్బాలు సర్దడానికి లేచింది. అంతలోనే ఆగి సౌమిక్‌ను కసిరింది.

"జర కాలు తియ్యిరా. ఒడియా మీద నిలబడ్డవు."