మంచం కింద జపాన్ ఆమె

వనపర్తి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో నా గది గోడకు నాలుగు జపాన్ బొమ్మలుండేవి. కోఠి ఫుట్‌పాత్ మీద దొరికిన పాత క్యాలెండర్‌లోవి. ఆ ఏడాది ఎప్పుడో గడిచిపోయింది గనక తేదీలు కత్తిరించేసి, బొమ్మలకు అట్టలంటించి మేకులకు తగిలించాను. చెక్క మీద చెక్కి, రంగుకో చెక్క చొప్పున అద్ది తీసిన బొమ్మలు. రాజులూ దేవుళ్ళూ లేరు. వానలో వంతెన దాటేవాళ్ళు, చేపలు కోసే ఆమె, వరినాట్లు వేసేవాళ్ళు, తల దువ్వుకునే ఆమె.

శ్రీరంగాపూర్ నుంచి నాకొక సంబంధం వచ్చింది. పిల్లను చూసి వచ్చాను. నాకు నచ్చింది, నేను ఆమెకు నచ్చకపోలేదని విన్నాను. ఇక మిగిలింది వాళ్ళ నాయిన. ఆదివారం నా గది చూడ్డానికి వస్తాడని కబురొచ్చింది. సంబంధం ఖాయమయ్యేదాకా మా దిక్కు పెద్దమనుషులు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టరు. కాబట్టి ఆయన చాయ్ తాగితే పెళ్ళి, తాగకపోతే తర్వాతి బస్సు.

పక్కగది దోస్తు వచ్చి గోడ చూశాడు. "అరే, జుట్టు ఇరబోసుకున్న ఆడమనిషి గోడ మీదుంటే నీకు పిల్లనిస్తడారా? తియ్, జల్ది!"

ఆ ఒక్కదాన్ని తీసి మంచం కింద పెట్టాను.

ఆయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. వాన బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఏడు మా జిల్లాలో అంత వాన పడింది ఆ కాగితం మీదే.

"ఏ ఊరు సారూ ఇది?"

"జపాన్."

"మంచిగనే పడుతదే."

తర్వాత ఖాళీ మేకు దగ్గర ఆగాడు. గోడ అక్కడొక్కచోట నలుచదరంగా, కొత్త సున్నంలా తెల్లగా ఉంది.

"ఈడిది ఏమాయె?"

నాకు అబద్ధాలు రావని కాదు, అప్పుడు రాలేదు. మంచం కింది నుంచి తీసి చేతికిచ్చాను. కిటికీ వెలుతురులో పట్టి చూశాడు.

"ఈమెనేంటికి దాసినవు?"

"మీరేమనుకుంటరో అని."

"తల దువ్వుకుంటున్నది, గంతే గద! రేపు మా బిడ్డ తానం జేసి జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఎవరన్న వస్తే, ఆమెను గూడ మంచం కింద పెడ్తవా?"

"పెట్టను."

బొమ్మను ఆయనే మేకుకు తగిలించాడు, కొంచెం వంకరగా. కుర్చీ లాక్కొని కూర్చుని, "చాయ్ పెట్టు" అన్నాడు.

గదిలో చక్కెర లేదు. దుకాణానికి పోయొచ్చేలోపు మనసు మారుతుందేమోనని అట్లనే పెట్టిచ్చాను. ఆయన గ్లాసు మొత్తం ఖాళీ చేశాడు. ఆ చక్కెర సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఇప్పటిదాకా ఎత్తలేదు.