మౌలాలి గెలిపించిన ఓడలు

మౌలాలికి ఉన్నది ఒకటే పిచ్చి. నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు మీదికి వెళ్లి ఓడిపోయిన స్పెయిన్ రాజు ఓడల్ని ఆయన రోజూ గెలిపిస్తాడు. ఒమాన్ దేశంలో, బర్కాలోని ఖర్జూరం తోటకు వాచ్‌మన్, వంటవాడు రెండూ ఆయనే. ఇదివరకు ఏదో సైట్‌లో ఒక స్పెయిన్ ఇంజనీరుకు వండిపెట్టినప్పుడు అంటుకున్న జబ్బు. ఇంజనీరు వెళ్లిపోయాడు, జబ్బు మిగిలింది.

చాయ్‌లో చక్కెర తక్కువైందని ఎవరైనా అంటే చాలు.

"ఆ పొద్దు గాలి తిరక్కుండా స్పెయినోళ్లు లండన్‌లో దిగుంటే, ఇంగ్లీషోడు మన కాడికి వచ్చుండేవాడే కాదు. వాడు రాకుంటే చాయ్ యాడిది? చక్కెర గొడవ యాడిది?"

"మరి ఏం తాగేవాళ్లం అన్నా?"

"గంజి. దానికి స్పెయిన్ పేరేదో ఉండేది."

పంపు మోటారు ఆగినా ఇదే కథ. పప్పు మాడిన రోజైతే స్పెయిన్ రాజు కడప దాకా వచ్చేశాడు.

తోటలో కాగితాల్లేకుండా తలదాచుకుని పనిచేస్తున్న ఓబులేసుకు ఈ కథ మీద కంటే మనిషి మీదే అనుమానం. బురైమిలో అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు పాస్‌పోర్టుతో సహా మాయమయ్యాడు. పాస్‌పోర్టు లేకున్నా ఊరెళ్లనిచ్చే ఎంబసీ కాగితం, అవుట్‌పాస్, వస్తే ఇల్లు చేరతాడు. ఈలోగా కాగితాలు చూసే చెకింగ్ వాళ్లకు దొరికితే జైలు. మౌలాలి చూస్తే, చెకింగ్ బండి వచ్చిన ప్రతిసారీ ఎదురెళ్లి సలాం కొట్టి, కుర్చీ వేసి, అరబ్బుల కాఫీ ఖహ్వా పోస్తాడు. వీడు నన్ను పట్టించేస్తాడని ఓబులేసు ఖాయం చేసుకున్నాడు. కూరలో రెండు ముక్కలు ఎక్కువ పడితే ఇంకా భయం.

"నాకే ఎందుకన్నా ఇన్ని ముక్కలు?"

"తినరా అబ్బీ, బక్కచిక్కినావు."

బక్రీదు పొట్టేలును కూడా ఇలాగే మేపుతారని ఓబులేసుకు గుర్తొచ్చింది. ఆ రెండు ముక్కలూ కంచం అంచుకు నెట్టాడు.

గోను తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడు, ఖర్జూరం కోతల్లో ఒక ఉదయం బండి చెప్పాపెట్టకుండా వచ్చింది. ఓబులేసు రేకుల షెడ్డులో దూరి బుట్టల వెనక నక్కాడు. అధికారి అడుగులు అటే వస్తున్నాయి. వెంటే మౌలాలి గొంతు, హిందీలో.

"సాబ్, అప్పట్లో మస్కట్‌ను ఏలే పోర్చుగీసు వాళ్లకు కూడా స్పెయిన్ రాజే రాజు. ఆ రోజు స్పెయిన్ గెలిచుంటే మస్కట్ కోటలు ఇప్పటికీ ఆ రాజువే. మీరు నన్ను స్పెయిన్ భాషలో తిట్టేవారు."

అడుగులు ఆగాయి.

"ఎవడన్నాడు? పోర్చుగీసు వాళ్లనే తరిమాం. వీళ్లను తరమలేమా?"

"ఓడలు చాలా పెద్దవి సాబ్."

"ఎంత పెద్దవైతే ఏం? కూర్చో, చెప్తాను!"

అధికారి ఖర్జూరం గింజలు పేర్చి కోట ముట్టడి మొదలుపెట్టాడు. మౌలాలి ప్రతి గోడ దగ్గరా స్పెయిన్ తరఫున మొండికేశాడు. మధ్యలో ఒక్కసారి మేకను అదిలిస్తున్నట్టు తెలుగులో అరిచాడు. "యెనక రేకు ఊడదీసి పెట్టినా, పోరా నా సామీ! పక్క తోటలో జిలానికి చెప్పినా!"

"ఎవరది?"

"మేక సాబ్. ఖర్జూరం తింటోంది."

ఓబులేసు పాకుతూ పోతుంటే వెనక నుంచి మౌలాలి మాట వినబడింది. "సరే సాబ్, మీరే గెలిచారు. స్పెయిన్ ఓడిపోయింది." ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు. ఇన్నాళ్లూ వేసిన కుర్చీలు, పోసిన ఖహ్వా ఎవరి కోసమో ఓబులేసుకు అప్పుడు తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అధికారి ఖాళీ షెడ్డును ఒకసారి చూసి, మస్కట్ గెలిచిన హుషారులో వెళ్లిపోయాడు.

సాయంత్రం ఓబులేసు వంటగదిలోకి వచ్చాడు. "అన్నా, నా కోసం స్పెయిన్‌ను ఓడగొట్టినావే!"

"నీ కోసమా? యేం కాదు. మస్కట్ పోతే పోయింది, లండన్ ఇంకా మన చేతిలోనే ఉండాది."

ఓబులేసు పీట లాక్కుని కూర్చున్నాడు. "అయితే లండన్‌లో దిగినాక ఏమైందో మొదట్నించీ చెప్పన్నా."

ఇన్నేళ్లలో మౌలాలిని ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయన గరిటె పక్కన పెట్టి, కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"నిజం చెప్పరా. నిన్ను ఎవరు పంపినారు?"