నేను మైకు పట్టుకోని రోజు

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, ఒక్క మాట. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది రాయచోటి. కువైట్‌లో, రిగ్గైలో మా చిన్నమ్మ వాళ్ళింట్లో ఉంటూ ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేదాన్ని. ఎడారిలో ఫిరంగి గుండ్లు దాచే గిడ్డంగులు, వాటిని చల్లగా ఉంచే ఏసీలు మా కంపెనీ బాధ్యత. కంచె బయట చిన్న గదిలో నా కుర్చీ. ఎదురుగా తెర మీద ఒక్కో గిడ్డంగి లోపలి వేడి కనిపిస్తుంది. హద్దు దాటితే ఎర్ర దీపం. అప్పుడు నేను లోపలున్న మనిషిని పిలవాలి, అతను వెళ్ళి రెండో ఏసీ వేయాలి. కంచె లోపలికి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. మైకులోనే పిలవాలి.

ఆ మైకంటే నాకు భయం. మొదటిసారి పిలిచినప్పుడు నా గొంతు వణుకుతూ ఎడారంతా వినిపించింది. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో, లోపల పనిచేసే కుర్రాళ్ళు, "రేడియో మేడం, వార్తలయిపోయినయా? ఒక పాటన్న పెట్టరాదు" అని నవ్వారు. అది చెడ్డ నవ్వు కాదు. నేనే మరిచిపోలేకపోయాను.

ఒక ఆగస్టు మధ్యాహ్నం దీపం వెలిగింది. ఎండ వేళ విరామమని అందరూ క్యాంపుకు వెళ్ళారు. లోపల గంగారామన్న ఒక్కడే ఉన్నాడు. నిజామాబాద్ వైపు మనిషి, మా నాన్న వయసువాడు. కాసేపట్లో టీకి వస్తాడు కదా, అప్పుడు చెబుదామనుకుని చదువుతున్న నవల మళ్ళీ తెరిచాను. ఆయన రాలేదు. ఆలస్యమయ్యేకొద్దీ పిలవడం ఇంకా కష్టమైంది. ఇప్పుడు పిలిస్తే ఇంతసేపూ ఏం చేశావని అడగరా?

సాయంత్రం సూపర్వైజర్ వచ్చేసరికి దీపం ఎర్రగానే ఉంది. ఆయనది కడప.

"మైకులో పిలిస్తివా లేదా, పాపా?"

"పిలిచినాను అన్నా."

ఆయన అప్పుడే లోపలి నుంచి వచ్చిన గంగారామన్న వైపు తిరిగాడు. "మరి నీకేం రోగం? నిద్రపోతాంటివా?"

గంగారామన్న నన్ను చూశాడు. "పిల్ల పిలిచే ఉంటది సార్. అబద్ధమాడే పిల్ల గాదు. మిషన్ల మోతల నా చెవులే పోయినట్టున్నయ్."

ఏమీ పేలలేదు. కానీ ఎక్కువసేపు వేడి తగిలితే గుండులోని మందు లోలోపలే చెడుతుందట, పైకి తెలియదట. ఆ గిడ్డంగిలోని పెట్టెలు పరీక్షకని బయటికి తెచ్చారు. మోసింది బస్సులో నవ్విన ఆ కుర్రాళ్ళే. ఒక్కొక్కటీ పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తుతుంటే నేను కిటికీలోంచి చూశాను. అప్పుడైనా చెప్పానా? లేదు.

చెవులు వినపడని మనిషి అక్కడ పనికిరాడని కంపెనీ గంగారామన్న ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసింది. ఖలాస్. వెళ్తూ నా గది దగ్గర ఆగి, "పైలం బిడ్డా" అన్నాడు. ఊరికి వెళ్ళాక ఆయనకు కాపలా పని ఇస్తామంటే, తనకు వినపడదని వద్దన్నాడట. ఎవరేమన్నా రెండోసారి అడుగుతాడట. ఇది బస్సులో ఒక కుర్రాడు మామూలుగా చెప్పాడు.

రోజూ డైరీ రాసేదాన్ని. దీపం వెలిగిన ఆ రోజు ఎండ గురించి మాత్రమే రాశాను.

ఇన్నాళ్ళూ దీనికి సిగ్గు అని పేరు పెట్టుకున్నాను. పిలవనివ్వనిది సిగ్గే, నిజమే. మరి అబద్ధం? అది నేను స్పష్టంగా, గొంతు వణక్కుండా చెప్పాను. నిజం చెప్పి ఉంటే ఆ గదిలో మైకుతో పాటు నొక్కితే మోగే గంట ఒకటైనా పెట్టేవారేమో. ఇప్పుడు నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంటోంది. ఆమెకూ మైకంటే భయమేమో.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఈ మాట ఒక్కసారైనా నా బయట ఉండాలని రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

నేను పిలవలేదు. గంగారామన్న చెవులు బాగానే ఉన్నాయి.