ఎర్ర దారం చుట్టిన కోను

మొన్న మా మనవరాలు పరీక్షకు చదువుకుంటూ, ఒంట్లోని ప్రతి కణంలోనూ పీపాల్లాంటి బుల్లి మిషన్లు ఉంటాయనీ, పాడైన ప్రోటీన్‌ను వాటిలో ముక్కలు చేసి, ఆ ముక్కలతోనే కణం మళ్ళీ కొత్తవి అల్లుకుంటుందనీ చెబితే, ఎనిమిదో క్లాసుకే బడికి దండం పెట్టేసిన నాకు నవ్వొచ్చింది. సూలూరు పక్క నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు నేను చేసింది అదే పని, నన్నెవరూ పుస్తకంలో వెయ్యలేదు.

"ఊరికే మిషన్లో ఎయ్యదు తాతా, చెడిపోయినదానికి ముందు గుర్తు తగిలించాల. ఒకటి సాలదు, నాలుగన్నా వరసగా ఉంటేనే లోపలికి ఇడుస్తాది. తప్పుగా తగిలించింటే వాకిట్లోనే పీకేసి పంపిస్తాది" అంది.

నా నవ్వు అక్కడాగింది.

మన కాలంలో మిల్లుకు పోయినవాళ్ళకు మేస్త్రీ అనే జంతువును పరిచయం చెయ్యక్కర్లేదు. మావాడికి నూలుకూ నులకకూ తేడా తెలియదు గానీ జేబులో ఎర్ర దారం ఉండేది, అది ఏ నూలు కోనుకు చుడితే ఆ కోను చెడ్డది, దాన్ని నేను చీల్చి దూది చెయ్యాల్సిందే, వారంలో మూడు చుట్టించుకున్న మనిషి పని మానుకుని ఇంటికి పోవాల్సిందే. కోన్లు చుట్టే ఆడవాళ్ళు ఆదివారం ఆ మహానుభావుడి ఇంట్లో పిండి దంచి రావడం వాడుక. మొగుడు పోయి, ఇద్దరు పిల్లలతో ఆ జీతం మీదే బతికే మా మేనత్త మాత్రం ఆదివారం చర్చి మానేది కాదు.

ఒక వారం ఎర్ర దారంతో వచ్చిన ఆమె కోన్లు రెండు చూడకుండానే చీల్చేశాను. మూడోదాన్ని వేళ్ళతో లాగి చూస్తే ముడి లేదు, మచ్చ లేదు, పట్టుకెళ్ళి మేనేజరుకు చూపిస్తే అత్త పని పోయేది కాదు.

"ఏమి మాప్పిళ, నూలుకి జాతకం చూస్తాండావా?" అన్నాడు మేస్త్రీ వెనకనుంచి, అల్లుణ్ణి పలకరించినట్టు.

"నువ్వు దారం కట్టినాక జాతకమేంది మేస్త్రీ, కర్మాంతరమే" అన్నాను. అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే కోను చీల్చే మిషన్లోకి పోయింది.

సాయంత్రం గేటు దగ్గర అత్త అడిగింది. "నూలు నీ చేతికొచ్చె కదరా, చూడలేదా?"

"లేదత్తా" అన్నాను. జోకు ఒక్కటీ నోటికి రాలేదు.

ఆమె ఇటుకలు మోసి పిల్లల్ని పెంచింది, పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కూ మా ఇంటికి పలహారం పంపింది, ఆ మాట మళ్ళీ అడగలేదు. ఇప్పుడు మిల్లులో మేస్త్రీల పీడ లేదు, లోపమున్న నూలును మిషనే కనిపెట్టి కత్తిరిస్తుంది, ఎవరు చుట్టారో దానికి అక్కర్లేదు. దాని ముందు నిలబడే పనివాడికి మనిషి కోసం నోరు తెరవాల్సిన రోజే రాదు. నాకు అలాంటి రోజు ఒకటి వచ్చింది.