సైకిళ్లకి మాత్రమే

మా మామయ్య తన జీపులో మనుషుల్ని ఎక్కించుకునేవాడు కాదు. సైకిళ్లని మాత్రమే ఎక్కించుకునేవాడు. ఈ నియమానికి బంధుత్వం, హోదా, కాలి బెణుకు ఏవీ అడ్డొచ్చేవి కావు. "సైకిలుకి కాళ్లు లేవు. నీకున్నాయి," అనేవాడు, తీర్పు చదివే జడ్జీ అంత నిదానంగా.

అప్పట్లో మా కొండ మీద పింగాణీ కార్ఖానా ఉండేది. పైకి రెండు దారులు. ఒకటి మెట్లదారి: నాలుగొందల పన్నెండు మెట్లు, ఇరవై నిమిషాల ఆయాసం. రెండోది కొండ చుట్టూ తిరిగే ఏడు కిలోమీటర్ల మట్టిరోడ్డు. వానకి కోసుకుపోయి, ఎండకి రాళ్లు తేలి, లారీలు ఒక దండం పెట్టి వెనక్కి తిరిగిపోయే రోడ్డది. నాలుగు చక్రాలూ లాగే మామయ్య జీపు ఒక్కటే దాన్ని రోడ్డుగా గుర్తించేది. పనివాళ్లు పొద్దున్నే సైకిళ్ల మీద కొండకిందికి వచ్చి, వాటిని మామయ్యకి అప్పగించి మెట్లెక్కేవాళ్లు. సాయంత్రం అయిదింటికి ఎవరి సైకిలు వాళ్లెక్కి, తొక్కే పని లేకుండా ఏడు కిలోమీటర్లూ జారుకుంటూ దిగిపోయేవాళ్లు. కార్ఖానా ఆఫీసులో గుమాస్తాగా నేనూ ఆ గుంపులో ఉండేవాణ్ణి. గాలి చొక్కాలో దూరి వీపు మీద బుడగ కట్టేది. ఆ తర్వాత ఎన్నో వాహనాలెక్కాను గాని, ఆ బుడగ మళ్లీ కట్టలేదు.

జీపులో పధ్నాలుగు సైకిళ్లు పట్టడం లెక్కల మాస్టార్లు కూడా ఒప్పుకోని విషయం. మామయ్య పట్టించేవాడు. హ్యాండిళ్లు పక్కకి తిప్పి, ఒకదాని పెడలు ఇంకొకదాని చక్రం పుల్లల్లో దూరకుండా సర్ది, రంగు గీసుకుపోకుండా పాత ట్యూబు ముక్కలతో కట్టేవాడు. ఆఖర్న ఫొటోగ్రాఫరులా ఒక కన్ను మూసి చూసి, తృప్తి పడక, మొత్తం విప్పి మళ్లీ కట్టేవాడు.

ఒకసారి అత్తయ్యకి ఒళ్లు మండింది. పైన ఎవరినో చూడాలి, మోకాళ్లు నొప్పి. ఎక్కడో ఒక ఆడవాళ్ల సైకిలు సంపాదించి, దాని మీద కూర్చుని, జీపు పక్కన స్టాండు వేయించుకుంది.

"ఇప్పుడెక్కించండి. నేను సైకిలులో భాగం."

మామయ్య చాలాసేపు ఆలోచించాడు. సమస్య న్యాయమైనదేనని ముఖంలో కనిపించింది.

"సైకిలు ఎక్కుతుంది," అన్నాడు చివరికి. "నువ్వు దిగు."

రెండో విశేషం ఆలస్యం. ఏడు కిలోమీటర్లు ఎంత గతుకులైనా ముప్పావుగంట. ఎనిమిదింటికి బయల్దేరిన మామయ్య పన్నెండింటికి చేరేవాడు. కారణం అడిగితే, ముసలి బంధువు ఆరోగ్యం గురించి చెప్పినట్టు జీపు గురించి చెప్పేవాడు. సోమవారం దానికి జలుబు. మంగళవారం రేడియేటరుకి నీళ్లు పడలేదు. బుధవారం ఎందుకో దిగులుగా ఉంది.

"బాబాయ్, ఇవాళేం జబ్బు?" అని గిన్నెల మీద పువ్వులేసే అమ్మాయి గేటు దగ్గరే అడిగేది.

"మూడో మలుపు దగ్గర కళ్లు తిరిగాయమ్మా."

"మీకా, జీపుకా?"

"ఇద్దరిలో పెద్దవాళ్లకి."

ఆ జబ్బుల జీపులో వచ్చిన సైకిళ్లు మాత్రం దివ్యంగా ఉండేవి. దాని ఘనతంతా ఎవరికి వాళ్లే తీసుకునేవాళ్లు. స్టోరు చూసే పెద్దమనిషి అయితే రోజుకొకసారైనా అనేవాడు: "పదకొండేళ్లయింది, నా సైకిలు రిపేరు షాపు మొహం చూడలేదు. వాడే చేతిలో ఉంటుందోయ్ అంతా." ఆ చేతిని అందరం గౌరవంగా చూసేవాళ్లం.

చిక్కల్లా ఉత్తరాల సంచితో వచ్చింది. కార్ఖానా టపా కూడా ఆ జీపులోనే వచ్చేది. పొద్దున్న చదవాల్సిన ఉత్తరాలు మధ్యాహ్నం చదివీ చదివీ మేనేజరుగారి సహనం అరిగిపోయింది. ఒకరోజు నన్ను పిలిచారు.

"మీ మామయ్యేగా?"

"దూరపు చుట్టమండీ," అన్నాను, అమ్మ తోడబుట్టినవాణ్ణి ఒక్క క్షణంలో దూరం చేసి.

"రేపు ఆ జీపులో కూర్చుని రా. ఏడు కిలోమీటర్లకి నాలుగు గంటలెందుకో చూసి రాసివ్వు. కారణం సరిగ్గా లేకపోతే నెలాఖరుతో ఆయన్ని మానిపించేస్తాను. కింద గుర్రబ్బండి వాడు, ఎలాగోలా ఎక్కిస్తానంటూ, సిద్ధంగా ఉన్నాడు."

నాకు భయం వేసింది. మామయ్యకి ఆ జీపు, ఆ కొండ తప్ప వేరే లోకం లేదు. ఇంట్లో ఆయన గట్టిగా మూడు గంటలు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు.

మర్నాడు మామయ్యకి మేనేజరుగారి ఆర్డరు కాగితం చూపించాను. దాన్ని రెండుసార్లు చదివి, ఒక విడి చక్రం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"పట్టుకుని కూర్చో. ఎవరైనా అడిగితే నువ్వు స్టాండువి."

మూడో మలుపు దాకా జీపు గుర్రంలా పోయింది. జలుబు, దిగులు ఏమీ లేవు. అక్కడ, కింది నుంచి గాని పై నుంచి గాని కనబడని ఒక రాతి గోడ వెనక ఆపాడు. సీటు కింద నుంచి రేకు డబ్బా తీశాడు. స్పానర్లు, నూనె బుడ్డి, ట్యూబు అతుకులు, గుప్పెడు కొత్త బ్రేకు రబ్బర్లు. పధ్నాలుగు సైకిళ్లూ దింపి వరసగా తలకిందులుగా నిలబెట్టాడు.

"ఏంటి మామయ్యా ఇది?"

"దిగేటప్పుడు ఏడు కిలోమీటర్ల పల్లం రా. బ్రేకు పట్టకపోతే ఆ లోయలోకే. వీళ్లు బెల్లు మోగుతుందో లేదో చూసుకుంటారు గాని బ్రేకు చూసుకోరు." స్టోరు పెద్దమనిషి సైకిలు చక్రం తిప్పాడు. "ఇదుగో, ఈయన చేతి మహిమకి నెలకి రెండు జతల రబ్బర్లు."

"మరి వాళ్లకి చెప్పొచ్చుగా?"

"చెప్తే రేపట్నుంచి జాబితాలిస్తారు. సీటు మెత్తగా లేదు, మడ్‌గార్డు అదురుతోంది అని. కొందరు మొహమాటపడి అసలు సైకిలే తీసుకురారు. మెట్ల మీదే దిగి, అవతల నాలుగు మైళ్లు నడుస్తారు. ఎందుకొచ్చిన గొడవ?"

"అందుకా మనుషుల్ని ఎక్కించవు?"

"మనిషినెక్కిస్తే వాడితో పాటు తొందర కూడా ఎక్కుతుంది. ఆ స్పానరందుకో, స్టాండూ."

పదకొండున్నర దాకా అందిస్తూనే ఉన్నాను. దారిలో, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నిజం చెప్తే ఒట్టుకి ముప్పు. చెప్పకపోతే ఆయన ఉద్యోగానికి ముప్పు. ఆఫీసులో కూర్చుని, నా చదువంతా కూడదీసుకుని నివేదిక రాశాను: 'సదరు జీపు వయోభారము చేతను, సున్నితస్వభావము చేతను మూడవ మలుపు వద్ద దీర్ఘవిశ్రాంతిని కోరుచున్నది. బలవంతపెట్టుట ప్రమాదకరము. దానిని మార్చినచో కొండకే నష్టము.' చివరి వాక్యం నాకూ అర్థం కాలేదు గాని, గంభీరంగా ఉందని ఉంచేశాను.

మేనేజరుగారు రెండుసార్లు చదివారు. తర్వాత కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు.

"భాష బాగుంది. ఇంతకీ ఈ మూలన ఉన్న నల్లటి వేలిముద్ర ఎవరిది?"

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది.

"సీట్లో కూర్చుని జీపు దిగులు చూసిన చెయ్యి ఇంత నల్లబడదే." కిటికీలోంచి షెడ్డులో వరసగా నిలబెట్టిన సైకిళ్లకేసి చూస్తూ ఉండిపోయారు. "ఇన్నేళ్లలో ఆ పల్లంలో మనవాడొక్కడు కూడా పడలేదు. అదృష్టం అనుకున్నాను."

నేను ఒట్టు నిలబెట్టుకుంటూ, చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డాను.

ఆయన కలం తీసి నివేదిక కిందే ఆర్డరు రాశారు: జీపు యథాప్రకారం కొనసాగాలి. ఉత్తరాల సంచి మాత్రం రేపట్నుంచి ఈ నివేదిక రాసినవాడు మెట్ల మీద మోసుకురావాలి.

మర్నాడు పొద్దున్న కొండకింద వరసలో పదిహేనో సైకిలు ఉంది. తుప్పు పట్టిన రిమ్ములు, సాలెగూడు కట్టిన చైను. మేనేజరుగారికి సైకిలుందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలీదు. మామయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి బ్రేకు నొక్కాడు. బ్రేకు పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని ఎవరూ చూడకుండా జేబులో వేసుకుని, "ఎక్కిస్తానండీ," అన్నాడు.

సంచి భుజాన వేసుకుని నేనూ, పంచె కాస్త ఎత్తి పట్టుకుని మేనేజరుగారూ మెట్లెక్కడం మొదలెట్టాం. రెండొందలో మెట్టు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాం. దూరంగా రోడ్డు మీద దుమ్ము లేచి, మూడో మలుపు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. నేను మెడ చాచి చూడబోయాను.

"అటు చూడకోయ్," అన్నారు మేనేజరుగారు, తనూ చూడకుండా. "మెట్లు చూసుకుని నడువు."